కంచె దాటిన మలీనా

టక్. కాసేపాగి మళ్ళీ టక్. కంచెకి అవతల జోయా పళ్ళు కోస్తోంది. రేకు డబ్బాలో పడే ప్రతి పండూ సరాసరి వచ్చి తన కణత మీద పడుతున్నట్టుంది రిమ్మాకి. ఇవతల తోటింటి అరుగు మీద పీట వేసుకుని కొత్త బంగాళాదుంపల తోలు గీకుతూ కూర్చుంది. గీకాల్సిన దానికంటే గట్టిగా గీకుతోంది, దుంప సగమైపోతోంది. మొగుడు అర్కాదీ స్టేషన్‌కి వెళ్ళాడు. మధ్యాహ్నం లోకల్ రైల్లో అమ్మ దిగుతుంది, నిరుడు ఎముక విరిగాక ఆమె తోటకి రావడం ఇదే మొదటిసారి. స్టేషన్ నుంచి అడవి పక్కగా వచ్చే దారి మామూలు మనిషికి దూరమే కాదు, అమ్మ మాత్రం కూర్చుంటూ లేస్తూ రావాలి, అందుకని మడత స్టూలు చంకన పెట్టుకుని మరీ వెళ్ళాడు మహానుభావుడు, ఇలాంటివి బాగా తడతాయి అతనికి. ఇంకో గంటలో గేటు కిర్రుమంటుంది. అమ్మ ఇంట్లోకి రాదు, మంచినీళ్ళు కూడా తాగదు, చేతికర్ర పొడుచుకుంటూ తిన్నగా కంచె వారకి నడుస్తుంది, ఏదే నా మలీనా అంటుంది. ఏం చూపించాలి? జూలై నెలాఖరు, చుట్టుపక్కల ప్రతి తోటలోనూ మలీనా, అంటే రాస్ప్‌బెర్రీలు, ఎర్రగా విరగకాసి కందిరీగలు మూగుతున్న రోజులు, అమ్మ మలీనా వరసలో మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుమెత్తు పచ్చటి కొమ్మలు, నిగనిగలాడే ఆకులు, వెతికినా ఒక్క ఎర్రటి చుక్క లేదు.

అసలు లేకపోతే అదో దారి. ఉన్నాయి. కంచె మీంచి తలలెత్తి ఇటే చూస్తున్నాయి. అమ్మ వరసలోంచి పిలకలు నేల కింద దొంగదారిన అవతలకి పోయి, జోయా క్యారెట్ల మడి పక్కన పొదై, మనిషెత్తు లేచి, బరువుకి కొమ్మలు వంగిపోయేలా కాశాయి. మలీనా నాటిన చోట ఉండదు, దీనికి కాళ్ళున్నాయే అనేది అమ్మ. అందుకే తెలివైనవాళ్ళు కంచె పొడుగునా పాత సిమెంటు రేకులు మోకాలి లోతున పాతిపెడతారు, పిలక పక్కింటికి పోకుండా. జోయా మంచిగానే అడిగింది అప్పట్లో, రిమ్మా, రేకులు పాతించవే, మీ మలీనా నా క్యారెట్లని బతకనివ్వడం లేదు అని. వచ్చే శనివారం అన్నాడు అర్కాదీ. ఆ శనివారం ఇప్పటికీ రాలేదు, రేకులు కొట్టు వెనక గోడకి ఆనించే ఉన్నాయి, వాటి మధ్య నత్తలు కాపురం పెట్టాయి. చివరికి ఒకనాడు జోయా ఓపిక చచ్చి, పిలకలన్నీ పారతో పెళ్ళగించి, వేళ్ళతో మట్టితో సహా కంచె మీంచి ఇవతలకి విసిరింది. అవి వచ్చి టీ తాగుతున్న బల్ల మీద పడ్డాయి, ఒకటి అమ్మ కప్పులోనే పడింది. అమ్మ నవ్వేసింది. తనూ నవ్వేసి ఊరుకుంటే పోయేది కదా. లేదు, అమ్మ చేతి మొక్కని చెత్తలా విసురుతుందా అని ఒళ్ళు మండిపోయి, కంచె దగ్గరికి వెళ్ళి, వీధి వీధంతా వినేలా అంది: మీ నేలలోకి వచ్చిందంతా ఇక మీదే, తినండి, అమ్ముకోండి, చస్తున్నా సరే మేం ఒక్క పండు అడగం. మీరు అంది. అంతకు ముందు ఇద్దరూ నువ్వు నువ్వు అనుకుంటూ ఉప్పూ అగ్గిపెట్టే, చివరికి వాన బూట్లు కూడా కంచె మీంచి ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళే. ఆ రోజు నుంచి మీరు, నమస్కారం, వాతావరణం బాగుంది, అంతే. నేలలో మిగిలిన వేళ్ళ నుంచి మలీనా మాత్రం మళ్ళీ లేచి పొదైంది, జోయా ఇంక దాన్ని పెళ్ళగించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. అమ్మ కాలు జారింది, తీసుకుంది, ఇదిగో నడిచి వస్తోంది. రిమ్మా నోరు జారింది, మూడు వేసవులు గడిచినా ఆ మాట ఇంకా కంచె మీదే వేలాడుతోంది.

టక్, టక్, రెండూ వెంటవెంటనే. రెండు చేతులా కోస్తోంది కాబోలు. కోసుకోనీ, తినమన్నది తనే కదా. నిజానికి తిట్టాల్సింది జోయాని కాదు, తిట్టాల్సిన మనిషి మడత స్టూలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు, తిట్టడానికి వీల్లేకుండా బతకడమే అతనితో వచ్చిన చిక్కు. తాగడు, అరవడు, అడక్కుండానే సాయం చేస్తాడు. అడక్కుండా చేసే సాయమంత పాడు పని ఇంకోటి లేదు లోకంలో. నిరుడు సెప్టెంబరులో అమ్మ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుని, రిమ్మా ఆసుపత్రిలో పగలూ రాత్రీ ఆ మంచం పట్టుకుని కూర్చుంటే, అతను ప్రతి శనివారం ఒంటరిగా తోటకి వచ్చాడు. బంగాళాదుంపలు తవ్వాడు, ఆపిల్ చెట్లకి సున్నం కొట్టాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. రైల్లో పక్క సీటువాడు ఎవడో చెప్పాడట, మలీనాని చలికాలం ముందు నేలమట్టానికి కోసెయ్యాలి, పురుగు రాదు, తెగులు రాదు, వచ్చే ఏడు బకెట్లకొద్దీ కాస్తుంది అని. వాడు అబద్ధం చెప్పలేదు, వాడి మలీనాకి అది నిజమే, ఇప్పుడందరూ వేస్తున్న కొత్తరకం అంతే, ఏటా నేలలోంచి లేచి ఆ ఏడే కాస్తుంది. అమ్మది పాతది. ఈ ఏడు లేచిన కొమ్మ వచ్చే ఏడు కాస్తుంది, మధ్యలో ఒక చలికాలం దానికి నిద్ర కావాలి. మంచు పడే ముందు కొమ్మల్ని విరక్కుండా వంచి, ఒకదానికొకటి పురికొసతో కట్టి, నేలకి ఆనించి పడుకోబెడతారు, పైన మంచు కప్పుకుని అవి పడుకుంటాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి అక్టోబరులో పురికొస ఉండ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు అర్కాదీ, అమ్మా తనూ నడుములు పడిపోయేలా వంగి కడుతుంటే చూస్తూ నిలబడ్డాడు, ఎందుకు కడుతున్నారని ఒక్కనాడూ అడగలేదు. రైల్లో వాణ్ణి అడిగాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాట ఇతన్ని చూసే పుట్టి ఉంటుంది.

ఆ ఫోటో. ఆసుపత్రి వరండాలో ఫోను తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి మరీ చూపించాడు. నల్లటి నేల, శుభ్రంగా దంతె లాగిన గీతలు, వరస వరసంతా నేలమట్టంగా కోసిన మోళ్ళు, పక్కన కాల్చేసిన కొమ్మల బూడిద కుప్ప, దాన్ని మళ్ళీ ఎరువుగా చల్లుతాడట. ఎలా ఉంది అన్నాడు, బడిలో బొమ్మ గీసుకొచ్చిన పిల్లాడిలా. వార్డులో ఆడవాళ్ళందరూ మెడలు చాచి చూశారు, బంగారం లాంటి మొగుడమ్మా నీకు, మావాడైతే సోఫాలోంచి లేవడు అన్నారు. బాగుంది అంది రిమ్మా. ఆ బాగుంది ఇవాళ్టికీ గొంతులో చేపముల్లులా ఉంది, కక్కలేదు, మింగలేదు. ఆ రాత్రే చెప్పాల్సింది. చెబితే అతను కుప్పకూలిపోతాడు, నెల రోజులు గిన్నెలు తోముతాడు, ఆ గిన్నెలు తోమడం చూడటం కంటే ఊరుకోవడమే నయం అనిపించింది. వసంతంలో పూత రాకపోతే, చలికి దెబ్బతిన్నట్టుంది పాపం అన్నాడు అర్కాదీ, కొమ్మ తడుముతూ. అవును, చలికే అంది. ఇంకో ముల్లు. ఇంట్లో అందరికీ ఆమె గొంతే దొరికింది ముళ్ళు దాచుకోవడానికి.

అమ్మ విషయంలో అయితే ఊరుకోవడం కూడా కాదు, పచ్చి అబద్ధమే ఆడింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. కాళ్ళు కదిలించడానికి వచ్చే అమ్మాయి బతిమాలి బతిమాలి విసుగెత్తి వెళ్ళిపోయేది. ఎందుకే ఈ గోల, ఎక్కడికి వెళ్ళాలని నడవాలి అనేది అమ్మ గోడతోనే. ఒకరోజు బయట మంచు అదేపనిగా పడుతూ, కిటికీ తెల్లగా మూసుకుపోయి, సూప్ చల్లారిపోయి, ఏడుపొచ్చి, ఏం మాట్లాడుతోందో తనకే తెలియకుండా అనేసింది: నువ్వు లేవకపోతే జూలైలో మలీనా ఎవరు కోస్తారమ్మా? అమ్మ ఇటు తిరిగింది. చాలాసేపు రిమ్మా మొహంలోకి చూసింది, ఏదో వెతుకుతున్నట్టు చూసింది. అయితే ఆ కర్ర ఇలా ఇవ్వు అంది. అప్పటి నుంచి మంచం నుంచి కిటికీ దాకా అంటే అరుగు నుంచి బావి దాకా, కిటికీ నుంచి వంటగది దాకా అంటే బావి నుంచి ఆపిల్ చెట్ల దాకా, వంటగది దాటి తలుపు దాకా వెళితే అది మలీనా. ఎక్కడిదాకా వచ్చామే అని అడిగేది అమ్మ, పళ్ళు బిగించి, నుదుటి మీద చెమటతో. ఆపిల్ చెట్లు దాటామమ్మా, ఇంకొంచెమే, ఎర్రగా కనిపిస్తోంది చూడు అనేది రిమ్మా. బూడిద కుప్ప కళ్ళ ముందు కనిపిస్తూనే ఉండేది, అయినా అనేది. ఎర్రగా కనిపిస్తోంది చూడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, జూలై ఎప్పటికీ రాదనుకుంది కాబోలు. వచ్చింది.

బజారులో కొని తెస్తే తెలిసిపోతుంది. పొద్దున స్టేషన్ దగ్గర ముసలమ్మలు గ్లాసుల్లో పోసి అమ్ముతుంటే ఆగి చూసింది, బొటనవేలంత లావు, లేత గులాబీ రంగు, అందం చూసి మురిసిపోవడానికే. అమ్మది చిన్నది, నల్లటి ఎరుపు, వేలు తగిలితే చాలు ఒళ్ళోకి రాలిపోతుంది, మోసుకెళ్ళి అమ్ముదామంటే పక్క గేటు దాకా కూడా ఆగదు, దారిలోనే రసమైపోతుంది. దానికి పేరు లేదు. అమ్మ పుట్టిన ఊరి నుంచి తడి గోనెగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట పెళ్ళయిన కొత్తలో, సూట్‌కేసు నాన్న మోశాడు, ఇది మాత్రం ఇవ్వలేదట. ఇంకా సిగ్గుచేటు, పొద్దున ఒక్క క్షణం ఏమనిపించిందంటే, ఆ గులాబీ రంగువే కొని, ఎర్రదారంతో ఒక్కొక్కటీ కొమ్మలకి కట్టేస్తే? కొత్త సంవత్సరం చెట్టుకి బొమ్మలు కట్టినట్టు. యాభై దాటిన ఆడది, పదిమందికి లెక్కలు చెప్పిన టీచరు, స్టేషన్ మెట్ల మీద నిలబడి దారం ఎంత కావాలా అని ఆలోచించింది. ఎవరితోనైనా చెప్పుకుందామన్నా చెప్పుకోలేని బతుకైపోయింది ఈ మలీనా వల్ల.

చిన్నప్పుడు ఈ వరసలోనే, డబ్బాకి తాడు కట్టి మెడలో వేసేది అమ్మ, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని. వేసి, పాడుతూ కొయ్యి అనేది. ఏం పాట అయినా సరే, ఆపకూడదు. తను ఆ చివరన కోస్తూ ఈ చివరన కూతురి నోరు పాడుతోందో నములుతోందో చెవితో కాపలా కాసేది. మలీనా మెత్తనిది, ఎంత పడిందో ఎంత మింగిందో బయటికి తెలియనివ్వదు, దొంగలకి అనువైన పండు. మధ్యలో పాట ఆగితే చాలు, ఆకుల అవతల నుంచి, మింగావా, ఇంక పాడు అనేది. నోటి నిండా తీపి పెట్టుకుని పాడటం ఎలాగో ఆ వయసులోనే నేర్చుకుంది, పెదాల చివర నుంచి ఎర్రటి రసం కారుతుంటే గౌను చేతితో తుడుచుకుంటూ. అమ్మకి తెలియదనుకునేది. తర్వాత ఎప్పుడు నోరు తెరిచి పాడింది? గుర్తులేదు. నోరు తెరిస్తే తిట్టు, మూస్తే ముల్లు, ఈ రెంటి మధ్యా వెళ్ళిపోయాయి ఇన్నేళ్ళూ.

దూరంగా రైలు కూత వేసింది. వంతెన దగ్గర వేస్తుంది అలా. అంటే అమ్మ ఇప్పుడు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉంటుంది, ముందుగానే లేస్తుంది, కంగారు మనిషి. టక్. టక్. డబ్బా నిండుతున్నకొద్దీ చప్పుడు మెత్తబడుతోంది. అడగొచ్చు కదా, ఒక్క మాట, ఏముంది అందులో, నాలుగడుగులు వేసి కంచె దగ్గర నిలబడి, అమ్మ వస్తోంది, ఒక్క గిన్నెడు ఇవ్వండి అంటే జోయా ఏం చేస్తుంది? నవ్వుతుంది. చస్తున్నా అడగమన్నారుగా, ఎవరు చస్తున్నారు ఇప్పుడు అంటుంది. అనే మనిషే. అననీ, మాట పడితే ఏం పోయింది? పడలేదు, అదే వచ్చిన తంటా, ఎవరి దగ్గరా పడలేదు ఎప్పుడూ. సోయకూర తరగాలి, క్రీము గిన్నెలో పొయ్యాలి, బల్ల మీద గుడ్డ మార్చాలి. ఆ పనులన్నీ చేసి, దుంపలు ఉడికించి దించి వచ్చి మళ్ళీ అదే పీట మీద కూర్చుంది. చేతులకి ఇంక పని లేదు, అది ఇంకా ఘోరం. ఆకాశం నీలంగా, మూర్ఖంగా, ఏమీ పట్టనట్టు ఉంది. కనీసం వాన పడినా పళ్ళన్నీ వాన పాడుచేసిందని చెప్పొచ్చు. వాన కూడా అడిగినప్పుడు రాదు. టక్.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది.

ఆగాక తెలిసింది ఆ చప్పుడే నయమని. చప్పుడుంటే ఇంకా పళ్ళున్నాయని అర్థం. రిమ్మా లేచింది, ఎప్పుడు లేచిందో తనకే తెలియదు, దుంపల కత్తి చేతిలోనే ఉంది. ఉల్లి మడి తొక్కుకుంటూ వెళ్ళి కంచె పట్టుకుంది.

"జోయా."

అవతల ఆకులు గలగలమన్నాయి. "ఎవరండీ? మీరేనా?"

"నేనే. ఇంక కొయ్యకు. అమ్మ వస్తోంది. చూపించడానికి ఏమీ లేదు, మా వైపు ఒక్క పండు లేదు. ఒక్క గిన్నెడు ఉంచు జోయా. నేను అన్న మాట నేనే మింగుతాను, నువ్వు ఎంత నవ్వుకుంటే అంత నవ్వుకో."

 తర్వాత కంచెలో వదులుగా ఉన్న చెక్క ఒకటి పక్కకి జరిగి, గడ్డి టోపీ కింద చెమటపట్టిన జోయా మొహం కనిపించింది. కత్తి వైపు చూసింది. డబ్బా పైకెత్తి చూపించింది. అంచుల దాకా ఆకుపచ్చటి గూస్‌బెర్రీలు, గోళీల్లా గట్టిగా.

"ఇందాకట్నుంచీ ఇవే కోస్తున్నా. ముళ్ళకి చేతులు చీరుకుపోయాయి. మలీనా డబ్బాలో పడితే చప్పుడవుతుందటే? పుట్టినప్పట్నుంచీ దాని మధ్యే పెరిగావు, ఆ మాత్రం తెలియదా?"

రిమ్మా డబ్బాలోకి తొంగి చూసింది. నిజమే. మలీనాకి చప్పుడెక్కడిది. గంటసేపు తన కోపమే తన చెవిలో మోగింది.

"మీ పొద నేను ముట్టుకోలేదు. మనవలు చెయ్యి పెడితే విరగ్గొడతానన్నా. రాలినవి రాలాయి, మిగిలినవి కొమ్మనే ఉన్నాయి. మే నెలలోనే ఫోన్ చేసింది మీ అమ్మ ఫైనా తిమొఫేయెవ్నా. మా వరస మా అల్లుడు కోసేశాడే, నీ వైపున్నది ఉంచు, నడవగలిగితే వస్తాను అంది. నీతో మాత్రం చెప్పొద్దంది. తనే నోరు తెరిచి అడుగుతుందేమో చూద్దాం అంది. నేను చూస్తూనే ఉన్నా. ఇంతసేపా?"

"అమ్మకి తెలుసా?"

గేటు కిర్రుమంది.

అమ్మ చిన్నగా అయిపోయింది, తలగుడ్డ కింద మొహం అంతా కళ్ళే. ఒక అడుగు, కర్ర, ఇంకో అడుగు. వెనక అర్కాదీ, మడత స్టూలూ సంచీ మోసుకుంటూ, ఎండకి ఎర్రబడి, సంతోషంగా. అమ్మ తిన్నగా వరస దగ్గరికే వచ్చింది, అనుకున్నట్టే, మంచినీళ్ళు కూడా తాగలేదు. పచ్చటి కొమ్మ ఒకటి పట్టుకుని ఆకు తిప్పి చూసింది. వచ్చే ఏడు బాగా కాస్తుంది ఇది అంది. రిమ్మా కత్తి ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.

"నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

"ఆసుపత్రిలోనే. నువ్వు టీ తేవడానికి వెళ్ళినప్పుడు ఫోటో చూపించాడు. బాగుంది నాయనా అన్నాను. అంత ముచ్చటగా చూపిస్తే ఏమంటాను?"

"మరి చలికాలమంతా నడిచావుగా. మలీనా దాకా, మలీనా దాకా అని."

"నువ్వే కదే నడిపించావు. మలీనా ఎవరు కోస్తారని అడిగినప్పుడు నీ మొహం చూశాను. లేవకపోతే నాకంటే ముందు నువ్వే మంచం ఎక్కేలా ఉన్నావు. సరే, ఎక్కడికో ఒకచోటికి నడుద్దాం అనుకున్నా."

"ఏ ఫోటో?" అన్నాడు అర్కాదీ.

రిమ్మాకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అన్ని నెలలు, అన్ని ముళ్ళు మింగి, రాత్రుళ్ళు నిద్ర లేకుండా, ఎవరి కోసం దాచింది? దాచినదాన్ని అందరూ ముందే చూసి, చూడనట్టు ఊరుకుని, ఆమె దాచుకోవడాన్ని కూడా ఆమె కోసమే భరించారు. ఇంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. అర్కాదీని ఆ రేకుల కింద పాతెయ్యాలనిపించింది, అమ్మని ఎత్తుకోవాలనిపించింది, రెండూ ఒకేసారి అనిపించి ఏదీ చెయ్యలేక అలాగే ఉండిపోయింది.

జోయా ఇంకో చెక్క ఊడదీసింది. అమ్మ పక్కగా తిరిగి, కర్ర ముందు పెట్టి, అర్కాదీ చెయ్యి పట్టుకుని, తన మలీనా వెళ్ళిన దారినే అవతలకి వెళ్ళింది. క్యారెట్ల మడిలో మడత స్టూలు వేశాడు అతను. జోయా చూసింది, క్యారెట్ల గురించి ఏమీ అనలేదు. అమ్మ కూర్చుని, తల మీదికి వంగిన కొమ్మ కింద అరచెయ్యి పట్టింది. పట్టగానే రాలాయి. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"కాస్త పులుపెక్కాయి. నీ నేల పులుపు జోయా."

"తినే నోటికి పొగరు తగ్గలేదు," అంది జోయా, గూస్‌బెర్రీలు తన ఏప్రన్‌లో పోసేస్తూ. ఖాళీ అయిన డబ్బా రిమ్మా చేతికిచ్చి, కత్తి తనే తీసుకుంది.

రిమ్మా కంచె దూరి వచ్చింది. పొదలోకి చెయ్యి పెట్టింది. మొదటి పండు డబ్బాలోకి వెళ్ళలేదు, రెండోదీ వెళ్ళలేదు. అమ్మ అటు తిరిగే ఉంది, చూడలేదు.

"పాడుతూ కొయ్యి," అంది.

కోపం ఇంకా తగ్గలేదు. చిన్నప్పటి పాటలో మొదటి ముక్క తప్ప ఏదీ గుర్తు రాలేదు. దాన్నే పట్టుకుని, బొంగురుగా, శ్రుతి లేకుండా, తిట్టినట్టుగా మొదలుపెట్టింది. పళ్ళు ఒకదాని మీద ఒకటి ఖాళీ డబ్బాలో పడుతున్నాయి. ఆమె గొంతు తప్ప తోటలో ఇంకే చప్పుడూ లేదు.